ఏడో పెట్టెలో ఖాళీ

నాచారం,
2 ఫిబ్రవరి 2026, సోమవారం

నరేందర్ మామకు,

ఇవాళ పొద్దున లేచేసరికి మన వీధికి ఒక దేవుడు వచ్చి ఉన్నాడు.

నిజంగానే. ఆరింటికి శంఖం చప్పుడుకు మెలకువ వచ్చింది. వంటింట్లో అమ్మమ్మ లేదు, పొయ్యి మీద పాలు లేవు. బయటికి వచ్చి చూస్తే రామచంద్రరావు గారి గేటు ముందు పదిహేను మంది ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. వరుసలో మూడో మనిషి మీ అమ్మ. మన టీ పాలు ఆవిడ చెంబులో ఉన్నాయి.

"ఏంది అమ్మమ్మా ఇది?" అన్నాను.

"సప్పుడు జెయ్యకు. శివుడు ఎలిసిండు" అంది.

గేటు పక్కన, నిన్నటిదాకా చెప్పుల స్టాండు ఉన్న చోట, కొత్త పానవట్టం, దాని మధ్య జానెడు శివలింగం. ఒళ్ళంతా విభూతి, నెత్తిన ఇత్తడి నాగపడగ, చుట్టూ బంతిపూలు. రామచంద్రరావు గారికి కలలో కనిపించి, "నేను భూగర్భంలోంచి వచ్చాను, నన్ను నిలబెట్టు" అన్నాడట. దేవుడు కూడా కాలనీ సంఘం అధ్యక్షుడి కలలోకే వస్తాడు. మామూలు సభ్యుల కలలు పనికిరావు కాబోలు. నేను రోడ్డు ఇవతల నుంచే చూసి వెనక్కి వచ్చేశాను. దగ్గరికి వెళ్ళి చూడాల్సినంత గౌరవం నాకు ఆ గేటు మీద లేదు.

మొన్న క్లాసులో 'తృణీకారం' అనే మాట చెప్పారు. ఎదుటి మనిషిని గడ్డిపరకలా చూడటం. ఎంత బాగుందో మామా ఆ మాట! మన కాలనీని తలుచుకుంటూ నోట్సులో మూడుసార్లు రాసుకున్నాను.

మీ డ్రిల్లింగ్ మిషను వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి ఇక్కడ ఒక్కళ్ళకూ మతి స్థిమితంగా లేదు. ఉప్పల్ నుంచి నాచారం మీదుగా చర్లపల్లి వైపు మెట్రో వేస్తే నేల మోస్తుందా లేదా అని నాలుగు చోట్ల బొక్కలు వేసి రాళ్ళు తీసి చూశారు. అంతే కదా జరిగింది? అప్పుడే మూల మీద టిఫిన్ బండి వాడు 'మెట్రో వ్యూ' అని బోర్డు పెట్టాడు. వాడి బండి నుంచి కనిపించేది మురుగు కాలువ. ఎదురింటి దుర్గమ్మ గారు అద్దె పెంచారు. రాని స్టేషన్‌కు పేరేం పెట్టాలని సంఘంలో రెండు వర్గాలు ఏర్పడి ఒకరి ఇంటి శుభకార్యానికి ఒకరు వెళ్ళడం మానేశారు.

నీ ఫోను బురదగుంటలో పడి చావడం నాకు మాత్రం బాగుంది. నీకు జీతం వచ్చి కొత్తది కొనేదాకా మీ నీళ్ళ ట్యాంకరాయనే మన పోస్ట్‌మాన్. పోయిన వారం నువ్వు మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చినప్పుడల్లా రాళ్ళ పెట్టెల దగ్గర కాపలా కూర్చున్నాను కదా, అవి ఉప్పల్ యార్డుకు వెళ్ళిపోయాక నాకు మధ్యాహ్నాలు తోచడం లేదు. ఆ రాళ్ళు ఈ మనుషుల కన్నా నయం. వరుసలో ఉంటాయి, మాట్లాడవు.

నల్ల టీ తాగి కాలేజీకి పోతున్న నీ మేనకోడలు,
రాణి

ఉప్పల్ యార్డు,
4-2-2026, బుధవారం

రాణీ బిడ్డా,

నీ ఉత్తరం ముట్టింది. ట్యాంకరాయన స్టీరింగ్ కాడ పెట్టుకున్నడేమో, అంచులకు నూనె పట్టింది. రెండుసార్లు సదివిన. మస్తు నవ్విన. మా అమ్మ పాలు పోసిందన్న కాడ నవ్వాగింది. నేను చాయ్‌ల ఇంకిన్ని పాలు పొయ్యమంటే "గిదే తాగు" అంటది, శివునికి మాత్రం చెంబెడు పోసిందా?

గా రామచంద్రరావు సారు సంగతి నాకు తెల్వదా? మిషిన్ కాడికి దినాం వచ్చి "లోపల నుంచి ఏమొచ్చింది, ఏమొచ్చింది" అని అడుగుతుండె. రాయి వచ్చింది సారూ అంటే "రాయేనా, ఇంకేం రాలేదా" అని మొకం మాడ్చుకుంటుండె. కింద లంకెబిందెలున్నయనుకున్నడేమో.

ఈడ నా కథ సూడు. నెత్తి మీదికెళ్ళి మెట్రో పోతాంటది. ఏసీల కూసున్నోళ్ళు ఫోన్లు సూసుకుంటరు, కిందికి ఒక్కడు సూడడు. కింద రేకుల షెడ్డు, షెడ్డుల రాళ్ళు, రాళ్ళకు రాత్రింబగళ్ళు నేనే కావలి, పండుడు గూడ ఈడనే. ఇరవై రెండేండ్లు ఇనుము చెక్కే లేతు మిషిన్ మీద వెంట్రుక మందం తేడా రాకుండ పనిజేసినోణ్ణి. ఫ్యాక్టరీ మూతబడ్డంక గిదీ నా నౌకరి. మీద వంశీకృష్ణ అని ఒక ఇంజినీరు. పాతికేండ్లుంటయ్. రాయి ముట్టాలంటే గ్లౌజులు, పెట్టె మూత తియ్యాలంటే నేను. "నరేందర్, ఎత్తు. నరేందర్, దించు." అన్న అని పిలిస్తే నోరు అరిగిపోతదేమో.

అయినా నోరు మూసుకుని చేస్తున్న. ఎందుకంటే ఈ నెల పదహారుకు నాకు మూడు నెలలు నిండుతయ్. అప్పుడు పని పర్మనెంట్ చేస్తమన్నరు. నలభై ఆరేండ్లకు ఇంకో కొలువు ఎవడిస్తడు బిడ్డా? గిదొక్కటి నిలబడితే సాలు.

ఒక సంగతి జెప్త, నీ కడుపుల పెట్టుకో. వంశీకృష్ణ సారు ఏడో పెట్టె సూసి, మన వీధి మూల కింద నేల గుల్లగ ఉన్నదంటుండు. నాలుగు నిలువుల లోతున. ఆడ పిల్లర్ నిలవదట, స్టేషన్ అవతలికి జరుపుతరేమో. ఇంక ఖాయం గాలే. ఎవ్వరికీ చెప్పకు.

యార్డుకు రాకు. బయటోళ్ళను లోపలికి రానియ్యరు, గేటు కాడ నిలబడితే వాచ్‌మన్ సవాలచ్చ అడుగుతడు. ఉత్తరం రాయి.

మీ మామ,
నరేందర్

నాచారం,
6 ఫిబ్రవరి, శుక్రవారం

మామా,

నువ్వు చెప్పొద్దన్నావు. నేను ఎవరికీ చెప్పలేదు, అమ్మమ్మకు తప్ప. అమ్మమ్మ ఎవరికీ చెప్పలేదట, దుర్గమ్మకు తప్ప. సాయంత్రానికి చివరి ఇంటి కుక్కకు కూడా తెలిసిపోయింది.

ఇప్పుడు ఇక్కడి వేడుక చూడాలి నువ్వు. దుర్గమ్మ గారు బీరువాను వీధి వైపు గది నుంచి వెనక గదిలోకి జరిపించారు. ఇల్లు కుంగితే బీరువా ముందు కుంగుతుందట. పెంచిన అద్దె కట్టలేక ఏడుస్తున్న కింది వాటా వాళ్ళు ఇదే సందని ఖాళీ చేసి వెళ్ళిపోయారు. టిఫిన్ బండి బోర్డు మాయమైంది. మొన్నటిదాకా "స్టేషన్ మాకే" అన్నవాళ్ళు ఇవాళ "నష్టపరిహారం మాకే" అంటున్నారు. మూడు రోజుల్లో ఒక మనిషి రెండు రకాలుగా దురాశపడగలడని నేను కళ్ళారా చూశాను.

అందరికంటే పైన మన అధ్యక్షుడు. నిన్న హారతి అయ్యాక గేటు మెట్టు మీద నిలబడి ప్రకటించాడు: "భూమిలో ఆ ఖాళీ ఎక్కడిదనుకున్నారు? స్వామి లేచి వచ్చిన చోటది!" ఆడవాళ్ళందరూ చెంపలు వేసుకున్నారు. మీ అమ్మ రెండుసార్లు వేసుకుంది. ఇంటికొచ్చాక నేను నవ్వితే, "నీ సదువు నీకు నవ్వుడే నేర్పిందా?" అంది.

ఆ తర్వాత సంఘం మీటింగు. కాలనీ కింద గుల్ల ఉంది కాబట్టి తేల్చి చెప్పమని మీ కంపెనీకి అర్జీ పెట్టాలన్నారు. రాయడానికి ఎవరికీ చేతకాలేదు. రామచంద్రరావు గారు ముప్పై ఏళ్ళు గుమాస్తా పని చేసి కూడా "అయ్యా" దగ్గరే ఆగిపోయారు. చివరికి నన్ను పిలిచారు. వాళ్ళ మీద నాకున్న అభిప్రాయం నీకు తెలుసు. కానీ తెల్ల కాగితం ముందు పెడితే నేను ఆగలేను మామా. 'భూగర్భ శూన్యం' అన్నాను. 'మా పాదాల కింద పొంచి ఉన్న అగాధం' అన్నాను. అరవై మూడు మంది సంతకాలు చేశారు. చదివి వినిపిస్తే దుర్గమ్మ గారికి కళ్ళ నీళ్ళు వచ్చాయి. అర్జీ అంటే ఇలా ఉండాలి అన్నారు. నేను ఏమీ పొంగిపోలేదు. కొంచెం పొంగాను.

నీ పేరు ఎక్కడా రాయలేదు, భయపడకు.

రాణి

ఉప్పల్ యార్డు,
10-2-2026, మంగళవారం

రాణీ,

బిడ్డా అని రాయబుద్ధి అయితలేదు. ఏం పని జేసినవే?

నీ అర్జీ వచ్చింది. మా పెద్ద సారు రామ్మోహనరావు సదివిండు. మొదటిసారి మనసుల, రెండోసారి గట్టిగ అందరి ముందట సదివిండు. "అగాధమా? ఈ మాట బయటికెట్ల పోయింది?" అని వంశీకృష్ణ సారు మీద ఎగిరిండు. గాయన నా మీద ఎగిరిండు. నేనెవరి మీద ఎగరాలె?

ఉత్తి అర్జీ అయితే పోనీ అనుకుందును. పెద్ద సారు "అనుమానమెందుకు, పక్కనే ఇంకో బొక్క ఏసి సూడుండ్రి" అన్నడు. ఆదివారం ఏసిన్రు. నువ్వు సూసే ఉంటవ్. పాత బొక్కకు రెండడుగుల అవతల. మొదటి నుంచి కడదాక గట్టి రాయి. గుల్ల లేదు, మన్ను లేదు, పగులు గూడ లేదు.

అప్పుడు ఏడో పెట్టె తెచ్చి మూత దీసిన్రు. నీకు సమజయ్యేటట్టు చెప్త. మిషిన్ భూమిల నుంచి రాయిని రూళ్ళకర్ర లెక్క గుండ్రంగ కోసి తెస్తది. ఏ లోతుల వచ్చిన ముక్కను ఆ లోతు వరుసల పెట్టెల పేరుస్తం. ఒక్కో ముక్క మీద నేను పసుపు పెయింటుతోని లోతు నంబరు రాసి బాణం గీస్త. బాణం ఎటు సూస్తే అది పై దిక్కు. ఒక లోతుల రాయే రాలేదనుకో, అంటే ఆడ గుల్ల ఉన్నట్టు, ఆ జాగల సరిగ్గ అంతే పొడుగు చెక్కముక్క పెడ్తం. మా పనిల చెక్క అంటే "ఈడ భూమి ఖాళీ" అని. ఏ ఇంజినీరు సూసినా గట్లనే సదువుతడు.

ఏడో పెట్టెల చెక్క ఉన్నది. సాఫ్‌గ కోసి, ఇటు అటు సందు లేకుండ కూసోబెట్టిన చెక్క. వందల ముక్కల మీద నంబర్లేసిన, ఏది ఏసిన్నో యాదికి లేదు, అందుకే నేను సారు పెట్టిండనుకున్న. సారు నేను పెట్టిన అనుకున్నడు. ఇద్దరం ఒకల మొకం ఒకలం సూసుకున్నం. ఇప్పుడు పక్క బొక్కల గట్టి రాయి వచ్చె. అంటే ఈడ గూడ రాయి వచ్చింది, ఎవడో తీసి చెక్క పెట్టిండు. కావలి ఎవడు? నరేందర్. "తాగి ఏడ పారేసినవ్?" అన్నడు వంశీకృష్ణ. నేను తాగుతనా రాణీ? పోరగాడు, నా ఎదురుంగ, పది మందిల అన్నడు.

సోమవారం, పదహారు తారీఖు, పొద్దుగాల పదింటికి పెద్ద సారు మళ్ళ వస్తడు. రాయి లెక్క తేలకపోతే గేటు బయటికి పొమ్మన్నడు.

నిజం చెప్పు. మా అమ్మ తీసిందా? పెట్టె కాడికి వచ్చినప్పుడు "అల్లం దంచనీకి ఈ రాయి మంచిగుంటది" అని సేతిల పట్టుకుని సూసింది. పోయింది మణికట్టు లావు, జానెడున్నర పొడుగు. వంటింట్ల ఎతుకు.

నరేందర్

నాచారం,
12 ఫిబ్రవరి, గురువారం

మామా,

నీ ఉత్తరం అమ్మమ్మకు చదివి వినిపించడం నా తప్పు. చివరి మాటలు వినగానే లేచి వంటింట్లోకి పోయింది. డబ్బాలు, గిన్నెలు, చింతపండు కుండ, ఆఖరికి నీ పాత టిఫిన్ డబ్బా కూడా తెచ్చి నడి ఇంట్లో కుప్ప పోసింది. "సూస్కో. నా కొడుకు దొంగసొత్తు ఎతుక్కోమన్నడు గద, సూస్కో" అంది. నిన్న పొద్దటి నుంచి నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెడుతోంది, గిన్నె చప్పుడు చేసి.

ఆవిడ తీయలేదు. ఆ చెక్క ఎవరు పెట్టారో కూడా ఆవిడకు తెలియదు.

చెక్క పెట్టింది నేను.

ఈ వాక్యం రాయడానికి నాకు ఒకటిన్నర రోజు పట్టింది. జనవరి 29, గురువారం, నువ్వు తిండికి వెళ్ళావు. మిషను వాళ్ళు టీకి వెళ్ళారు. నేను పెట్టెల పక్కన కూర్చుని చదువుకుంటున్నాను. ఒక మాటకు అర్థం తెలియక నిఘంటువు కోసం ఇంటికి పరుగెత్తాను. పది నిమిషాలు, అంతకంటే ఎక్కువ కాదు. తిరిగి వచ్చి చూస్తే మూత తెరిచి ఉన్న పెట్టెలో ఒక వరుస మధ్య ఖాళీ. నేను వెళ్ళేటప్పుడు ఉందో లేదో కూడా నాకు గుర్తు లేదు, అంత శ్రద్ధగా కాపలా కాశాను. మిషను వాళ్ళే అలా వదిలారనుకున్నాను. ముట్టుకుంటే పక్క రాళ్ళు దొర్లుతున్నాయి. లారీలో ఒకదానికొకటి కొట్టుకుని పగులుతాయని అనిపించింది. అమ్మమ్మ విరిగిన పీట కాలు తెచ్చి, కొలిచి, నీ రంపంతో కోసి, సందు లేకుండా కూర్చోబెట్టాను. ఎంత చక్కగా అమరిందో అని మురిసిపోయాను కూడా. నువ్వు వచ్చి చూడకుండానే మూత వేశావు. చెప్పాల్సినంత పెద్ద పని అనుకోలేదు.

కాలనీ వాళ్ళను తిట్టడానికి నేను ఎన్ని మాటలు నేర్చుకున్నానో నీకు తెలుసు. లేని గుల్లను భూమిలో పెట్టింది నేను, దాన్ని ఊరంతా చాటింది నేను, దాని మీద అర్జీ రాసింది నేను. దుర్గమ్మ గారు పాపం బీరువా మాత్రమే జరిపారు.

రాయి ఎక్కడుందో కూడా తెలిసింది. మణికట్టు లావు, జానెడున్నర పొడుగు అని నువ్వు రాశాక కూడా వెంటనే తట్టలేదు. ఇవాళ పొద్దున శంఖం ఊదినప్పుడు తట్టింది. పానవట్టంలో అరజానెడు, పైకి జానెడు. పదకొండు రోజుల్లో ఒక్కసారైనా దగ్గరికి వెళ్ళి చూసి ఉంటే!

వెళ్ళాను. తెల్ల సిమెంటుతో బిగించి ఉంది. నిండా విభూతి, నెయ్యి మందంగా పేరుకుని ఉన్నాయి, నంబరు కనిపించలేదు. రామచంద్రరావు గారు పేపరు చదువుకుంటున్నారు.

"అంకుల్, ఈ లింగం మీకు ఎక్కడ దొరికింది?"

"దొరకడమేమిటమ్మా? వెలిశాడు."

"మా మామ పెట్టెలోంచి వెలిశాడా?"

పేపరు కిందికి దిగింది. ముఖం ఎర్రబడింది. "నాలుగు మాటలు నేర్చుకోగానే పెద్దంతరం చిన్నంతరం లేదా? మొన్న అర్జీ రాశావని మెచ్చుకున్నాను, నెత్తికెక్కిందా?"

"మా మామ ఉద్యోగం పోతుంది అంకుల్. సోమవారం దాకే గడువు."

"మీ మామ ఉద్యోగానికీ నా శివుడికీ ఏమిటి సంబంధం? ఆదివారం శివరాత్రి. ఆ లోపల స్వామి మీద చెయ్యి వేస్తే కాలనీ మొత్తం నీ మీదికి వస్తుంది. వెళ్ళు, వెళ్ళి చదువుకో."

వచ్చేశాను. కావాలంటే సుత్తి తీసుకుని మళ్ళీ వెళ్తాను. నువ్వు ఊఁ అను చాలు.

రాణి

ఉప్పల్ యార్డు,
14-2-2026, శనివారం

రాణీ బిడ్డా,

సుత్తి పక్కకు పెట్టు. నువ్వు దేవుని మీద సుత్తి ఎత్తితే నా నౌకరి ఉండదు, నీ సదువు గూడ ఉండదు. ఆడపిల్లవి, దినాం గదే వీధిల నడవాలె.

నేనొకటి అనుకున్న. సోమవారం పెద్ద సారు అడిగితే చెక్క నేనే పెట్టిన అంట. కొత్తోణ్ణి, చెక్కకు అర్థం తెల్వక రాళ్ళు దొర్లకుండ పెట్టిన అంట. మూడు నెలలైనా తెల్వదా అని నాలుగు తిడ్తరు, పంపిస్తరు. పోనీ. నీ పేరు రానియ్య. పెట్టెల కాడ బయటి మనిషిని కూసోబెట్టిన అంటే అది గూడ నా తప్పే గద. తిండికి పోకపోతే సస్తుంటినా?

గా రాయి దొరికితే మాత్రం ఎవ్వడు కాదనలేడు. విరిగిన రాయి అంచు పక్క రాయి అంచుల తాళంల చెవి లెక్క కూసుంటది. అది వేరే ఏ రాయి తోని గాదు. గందుకే యాది జేసుకుని బాధపడుతున్న, అంతే.

మా అమ్మకు చెప్పు. నేను అట్ల రాయకుండ ఉండాల్సింది. దొంగ అనలే, అడిగిన. సరే, అన్నట్టే. నాకు ఇగ రాయరాదు, నీ మాటల్ల నువ్వే మంచిగ చెప్పు.

మామ

నాచారం,
15 ఫిబ్రవరి, ఆదివారం, శివరాత్రి సాయంత్రం

మామా,

నీ మాటలు నా మాటల్లోకి మార్చలేదు. నువ్వు రాసింది రాసినట్టే అమ్మమ్మకు చదివాను. "సరే, అన్నట్టే" దగ్గర మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. "వాడు చిన్నప్పటి నుంచి గంతే, తప్పయింది అనరాదు" అంది. అప్పుడు నేను చెక్క సంగతి, రాయి సంగతి మొత్తం చెప్పాను. నన్ను తిట్టలేదు. చింతపండు నానబెట్టింది.

ఇవాళ పొద్దున గేటు ముందు నలభై మంది ఉన్నారు. అభిషేకానికని పూజారి గారు నాగపడగ తీసి పక్కన పెట్టారు. ఒక్కొక్కళ్ళూ పాలు పోస్తున్నారు. అమ్మమ్మ వంతు వచ్చింది. ఆవిడ చెంబులో పాలు లేవు, వేడినీళ్ళు. కొంగులో చింతపండు, కొబ్బరి పీచు.

"ఏమిటిది వెంకటనర్సమ్మ గారూ?" అన్నారు రామచంద్రరావు గారు.

"పదిహేను దినాల సంది జిడ్డు పట్టి ఉన్నడు సారూ శివయ్య. పండుగ నాడన్న ఒళ్ళు రుద్ది తానం పొయ్యొద్దా?"

నలభై మంది ఆడవాళ్ళ ముందు ఒక్కపొద్దు ఉన్న ముసలామెను ఎవరు ఆపుతారు? ఆవిడ కూర్చుని, బిందె తోమినట్టు తోమింది. విభూతి పోయింది, నెయ్యి పోయింది, కింద బూడిదరంగు రాయి మెరిసింది. పసుపు రంగు మాత్రం పోలేదు. నీ చేతిరాత మామా. 7.40. దాని కింద బాణం.

"శివునికి నంబరేంది?" అన్నారు దుర్గమ్మ గారు.

"అది మా మామ రాత. ఎంత లోతులో దొరికిందో ఆ అంకె. బాణం ఎటు చూస్తే అది పై వైపు" అన్నాను.

బాణం నేరుగా పానవట్టంలోకి చూస్తోంది.

పూజారి గారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. "అంటే, స్వామిని తలకిందులుగా ప్రతిష్ఠించామా?" అన్నారు. ఎవరిదో చెంబు కింద పడింది.

ఈ ఘడియ కోసం నేను మూడు రోజులుగా మాటలు కూడబెట్టుకున్నాను. పదునైనవి, తెలుసా! రామచంద్రరావు గారు నా వైపు చూడలేదు, అమ్మమ్మ వైపు చూశారు. "పెట్టె నిండా రాళ్ళున్నాయి. ఒకటి పోతే ఎవరికి తెలుస్తుందనుకున్నాను" అన్నారు మెల్లగా. "పుట్టినప్పటి నుంచి మనిషి చెయ్యి తగలని రాయమ్మా అది. అలాంటిది ఇంకెక్కడ దొరుకుతుంది?" నా దగ్గరున్న మాటల్లో ఒక్కటీ దీనికి సరిపోలేదు.

అమ్మమ్మే చెప్పింది. "మీరు దేవుణ్ణి తియ్యలె సారూ, రాయిని తీసిన్రు. దేవుణ్ణి మీరే ఉంచుకోండ్రి. రాయి మా కొడుకుది, వాపసియ్యుండ్రి."

ఆయన తల ఊపారు.

నువ్వు ఆయన మీద జాలిపడేలోపల మిగతాది కూడా చెప్పనీ. మధ్యాహ్నానికల్లా ఆయన తేరుకున్నారు. "స్వామి మెట్రోను ఆశీర్వదించడానికి ఉప్పల్ వెళ్తున్నాడు" అని సంఘం వాట్సాప్‌లో పెట్టారు. ముప్పై ఒక్క మంది చేతులు జోడించారు. డప్పులు పెట్టి ఊరేగింపుగా తీసుకెళ్దామన్నారు. మూడు డప్పులన్నారు, నేను వద్దన్నాను, ఒకటి దగ్గర ఆగాం. అది కూడా వీధి చివరి దాకే. పీట విరిగితే దాని కాలు పరిశోధన పెట్టెలో పెట్టే మనిషిని నేను, వాళ్ళను ఏమనగలను? అయినా అంటున్నాను. అలవాటు ఒక్కరోజులో పోదు.

ఇప్పుడు నువ్వు చెప్పిన దాని గురించి. చెక్క నేనే పెట్టిన అని నువ్వు అనడానికి వీల్లేదు. నీకు మూడు నెలల్లో పని రాలేదని వాళ్ళు అనుకోవడం నాకు ఇష్టం లేదు. రంపం నీ చేతిలో ఉండి ఉంటే ఆ చెక్క నా కంటే బాగా కోసేవాడివని కూడా ఆ వంశీకృష్ణకు తెలియాలి.

పెద్ద సారు ముందు చెప్పడానికి నాలుగు పేజీలు రాశాను. చదువుకున్నాను. నేను ఆ సారునైతే రెండో పేజీలో లేచి వెళ్ళిపోతాను. చింపేశాను. రెండు వాక్యాలు మిగిలాయి: ఆ చెక్క పెట్టింది నేను. మా మామకు తెలియదు.

ఈ ఉత్తరం ట్యాంకరాయన ఇవాళ రాత్రికే తెస్తాడు, కాబట్టి రేపటి సంగతి జాగ్రత్తగా చదువు. పొద్దున ఆరింటికి పూజారి గారు స్వామికి ఉద్వాసన చెప్తారు. ఆరున్నరకు మేస్త్రీ వచ్చి సిమెంటు చెక్కి రాయి బయటికి తీస్తాడు. అంచులు దెబ్బతినకుండా నేను పక్కనే కూర్చుంటాను. ఏడున్నరకు ఆటో చెప్పాం. చిలకానగర్ మీదుగా వస్తాం, ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఎంత ఇరుక్కున్నా తొమ్మిదిన్నరకు మీ గేటు ముందు ఉంటాం. అమ్మమ్మ రాయిని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటుంది, నాకు ఇవ్వనంటోంది. రామచంద్రరావు గారు డ్రైవరు పక్కన కూర్చుంటారట, పెట్టెలోంచి తీసింది తానేనని ఆయన నోటితోనే చెప్తానన్నారు. చెప్పకపోతే నేను చెప్తాను. వాచ్‌మన్ ఎన్ని ప్రశ్నలు వేసినా సరే, నువ్వు గేటు దగ్గర ఉండు. ఏడో పెట్టె మూత తీసి ఉంచు, చెక్క మాత్రం ముట్టుకోకు.

పదింటికి పెద్ద సారు వచ్చాక నువ్వు నోరు తెరవొద్దు. రాయి చూడగానే అందరూ సంతోషపడి చెక్క మాట నీ మీదే వదిలేస్తారు. అందుకని ముందు నా రెండు వాక్యాలు నేను చెప్తాను. అవి విన్నాక అమ్మమ్మ మూట విప్పుతుంది.

రాణి